ఆమె పెదవులు, నా గొంతు

తెర మీద వాన. చప్పుడు లేని వాన.

వానలో ఆమె ముఖం. తడిసిన రెప్పలు, వణికే పెదవులు... పెదవులు కదులుతాయి గానీ మాట రాదు.

మాట నా దగ్గరుంది.

చీకటి గది. తలుపు వేస్తే బయటి లోకం వినిపించదు. ఎదురుగా మైకు, అద్దం అవతల సౌండ్ ఇంజినీరు. ఆమె పెదవి విచ్చుకున్నప్పుడు నేను మొదలుపెట్టాలి, మూసుకున్నప్పుడు ఆపాలి. వెక్కి వెక్కి ఏడ్చేది నేను. కన్నీళ్లు మాత్రం ఆమెవి.

మా భాష ఆమెకి రాదు. మొదటి సినిమాకి వచ్చినప్పుడు నేర్చుకున్నది ఒక్కటే మాట - "అక్కా". ఆ ఒక్క మాటతో నన్ను బుట్టలో వేసుకుంది.

అందగత్తె. ఒప్పుకుంటాను. ఒప్పుకోవాలంటే ఒళ్లు మండుతుంది, అయినా ఒప్పుకుంటాను.

మా ఆయన బస్సు కండక్టరు. టీవీలో ఆమె సినిమా వస్తే కుర్చీలోంచి కదలరు.

"ఆ గొంతు వినవే! తేనె పోసినట్టు లేదూ?"

"ఆ గొంతు నాదేనండీ."

"నీదేలే. అయినా ఆవిడ నోట్లోంచి వస్తే ఆ తీరే వేరు."

అదే గొంతుతో వంటింట్లోంచి భోజనానికి పిలుస్తాను. పలకరు. గట్టిగా పిలిచినా పలకరు.

అసూయ అని పెద్ద మాట ఎందుకు... కడుపుమంట.

ఏళ్లు గడిచాయి. ప్రేమలో పడే అమ్మాయి వేషాలు పోయాయి, పోలీసు వేషాలు వచ్చాయి, తర్వాత జడ్జి వేషం వచ్చింది. ఆమె దుస్తులు మార్చింది. నేను గొంతు మార్చాను - కాస్త బరువు పెంచి, కాస్త గరుకు కలిపి. "ఈ కుర్చీ నాది కాదు, మీది" అనే ఒక్క ముక్క కోసం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గొంతు చించుకున్నాను. హాల్లో జనం లేచి నిలబడ్డారు.

పార్టీవాళ్లు పూలు పట్టుకుని వెళ్లింది మాత్రం ఆమె ఇంటికి.

నా ఇంటికి ఎవరొస్తారు? వచ్చినా కూర్చోబెట్టడానికి రెండే కుర్చీలు, అది వేరే సంగతి.

మొదట ఆసుపత్రులకి రిబ్బన్లు కత్తిరించింది. తర్వాత వరదలో మునిగిన వీధుల్లో దుప్పట్లు పంచింది. తర్వాత పార్టీ జీపెక్కి చేతులూపింది. నవ్వేది, ఊపేది... మాట్లాడేది కాదు. జనం ఆమెని "అమ్మా" అనడం మొదలుపెట్టారు.

ఎన్నికల్లో నిలబెట్టారు. ఇక మాట్లాడక తప్పదు.

అప్పుడొచ్చాడు పార్టీ మనిషి, మా ఇంటికి. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మీరు వేదిక వెనక కూర్చోండమ్మా. మేడమ్ పెదవులు కదుపుతారు, మీరు మాట్లాడండి. ఆవిడ ముందున్నది ఉత్తుత్తి మైకు, అసలుది మీ దగ్గరుంటుంది. మూడో కంటికి తెలియకూడదు. మీ ఆయనకి కూడా."

ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత గుండె గంతులేసింది.

నేను లేకపోతే ఆమె లేదు... ఇన్నేళ్లూ నాలో నేను అనుకున్నదే. ఇవాళ ఇంకొకరు ఇంటికొచ్చి మరీ చెప్పారు.

సభ రోజు ఆకాశం నిండా మబ్బు. వేదిక వెనక మందపాటి గుడ్డ, గుడ్డలో చిన్న చీలిక, చీలికలోంచి ఆమె వీపు. ఇన్నేళ్లూ ఆ ముఖం చూస్తూ మాట్లాడాను, వీపు చూడడం అదే మొదటిసారి. చెమటతో తడిసిపోయి ఉంది. భయపడుతోంది.

భయపడనీ.

మైకుకి దగ్గరగా జరిగాను. ఊపిరి పీల్చుకున్నాను...

"అందరికీ నమస్కారం."

అది నేను కాదు.

సన్నటి గొంతు. జలుబు చేసినట్టు, అక్కడక్కడా విరిగిపోయే గొంతు. ఆమెదే.

"ఈరోజు నేనే మాట్లాడతా. తప్పులు వస్తే తిట్టొద్దు."

నా మైకుని వేలితో తట్టి చూశాను. చప్పుడు లేదు. ఉత్తుత్తి మైకు నాదని అప్పుడు తెలిసింది. ఒక్కరూ నాతో చెప్పలేదు.

సరే, మాట్లాడనీ. ఎంతసేపు మాట్లాడుతుందో నేనూ చూస్తాను. నిండు సభలో నోరు పెగలక నిలబడాలి. అప్పుడు వెనక్కి తిరగాలి. అక్కా అనాలి.

"మీ వీధిలో నీళ్లు రావు. నీళ్లు ఇవ్వడం దయ కాదు. అది నా... నా..."

ఆగిపోయింది.

ఆ మాట నా నాలుక మీదే ఉంది. గుసగుసగా అన్నా ఆమెకి వినిపిస్తుంది. పెదవి కొరుక్కుని కూర్చున్నాను. తిరగనీ... ఒక్కసారి ఇటు తిరగనీ.

మబ్బు ఉరిమింది.

"బాధ్యత తల్లీ! బాధ్యత!"

జనంలోంచి ఒక మగ గొంతు. కిక్కిరిసిన బస్సులో చివరి సీటు దాకా వినిపించే గొంతు. గొంతులు గుర్తుపట్టడం నాకొకరు నేర్పక్కర్లేదు.

మా ఆయన.

"బాధ్యత!" అన్నారు పక్కవాళ్లు. "బాధ్యత!" అంది సభంతా. ఆమె ముందుకి వంగి, చేతులు జోడించింది.

"థాంక్స్ అన్నయ్యా. అది నా బాధ్యత."

చప్పట్లు. వాన మొదలైంది, చప్పుడున్న వాన. ఒక్కరూ కదల్లేదు.

అన్నయ్యట! అంటే నాకు ఆడపడుచు. ఇంతకాలం లేని చుట్టరికం, ఇవాళ అదీ కలిసింది.

నేను తడిసి ఇల్లు చేరిన కాసేపటికి ఆయన వచ్చారు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"నువ్వూ సభకి రావాల్సింది! నన్ను అన్నయ్యా అంది, తెలుసా? ఆవిడ సొంత గొంతు ఎంత బాగుందనుకున్నావు! ఇన్నేళ్లూ ఎవరిదో గొంతు తగిలించి ఆ మనిషిని పాడుచేశారే!"

అనేశాక గుర్తొచ్చింది ఆయనకి. చెప్పులు విప్పుతూ ఆగిపోయారు.

"అంటే... నిన్నని కాదు."

నేను నోరు తెరిచాను. అరవాలో ఏడవాలో తెలియలేదు. ఆయన ఒక చెప్పు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డారు, నేనేమంటానా అని.