చీఫ్ సెక్రటరీకి మజ్జిగ

దేవరకొండ ముసాఫిరు బంగ్లాలో ఏ అధికారి దిగినా, పొయ్యి ముందు దిగబడేది బాలనర్సమ్మే. దిగినవాడికి పరుపు, దిగబడినదానికి పొగ. బంగ్లా చౌకీదారు కొలువు మొగుడు ఐలేశానిది. చౌకీ ఆయనది, చాకిరీ ఆమెది. జీవితంలోంచి ఒక్క 'వి' తీసేస్తే జీతం మిగులుతుందంటారు గానీ, బాలనర్సమ్మకు జీవితమంతా తీసేసినా జీతం మిగల్లేదు. మొగనికి వండిన చేత్తోనే దొరలకూ వండితే అరిగిపోతావా అని అత్త సైదమ్మ కాపురానికి వచ్చిన కొత్తలోనే తేల్చేసింది. అడక్కముందే జవాబు చెప్పే గొప్ప గుణం ఆమెది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. డిండి వాగు ఇసుక మేట అయింది. కరువు చూడ్డానికి హైదరాబాదు నుంచి చీఫ్ సెక్రటరీ వస్తున్నాడని కబురొచ్చింది. 'చీఫ్' అన్న మాట చెవిన పడగానే అత్త కోడలి చేతికి చీపురిచ్చింది. తాలూకాఫీసు పేష్కారు కృష్ణయ్య ఏర్పాట్లు చూడ్డానికొచ్చి వరండాలో కూర్చుంటే, బాలనర్సమ్మ ఊడుస్తూ ఊడుస్తూ అడిగింది, వచ్చేది మంత్రా అని.

మంత్రి కాదన్నాడు కృష్ణయ్య, చెంపలు వేసుకోవడమొక్కటే తక్కువగా. మంత్రులు మారతారు, ఆ కుర్చీ మారదట. కలెక్టర్లంతా ఆయన కిందే. ఏ చెరువుకు గండి పడినా, ఏ ఊళ్లో గింజ నిండుకున్నా ఆ కబురు చివరికి ఆయన బల్ల మీదికే చేరాలట.

"అయితే రాజ్యం ఆయన పేరు మీదనే నడుస్తదా, అన్నా?"

"పేరు గవర్నరుది. ఏ హుకుమైనా గవర్నరు పేరు మీదనే పోవాలె. పని జేసేది, కింద సంతకం పెట్టేది ఈయన."

"తప్పొస్తే?"

"తిట్లు గూడ ఈయనకే."

చీపురు ఆగిపోయింది. పని ఒకరిది, పేరు ఇంకొకరిది, తిట్లు పనిచేసినవాడివి. ఇంత పెద్ద కొలువులో తనకు తెలియని సంగతి ఒక్కటీ లేదే! ఒక్క అనుమానం మాత్రం మిగిలింది.

"మరి ఆయనకు జీతమిస్తరా?"

కృష్ణయ్య పడీ పడీ నవ్వాడు. "ఇయ్యకుంటే ఎందుకు జేస్తడమ్మా? కొలువులల్ల అందరికన్న పెద్ద జీతం ఆయనదే."

పోతూ పోతూ ఇంకో మాట వేశాడు. బంగ్లాకు కొత్తగా వంటమనిషి కొలువు వచ్చింది. దొర భోజనం మెచ్చుకుంటే తహసీల్దారు వండినవారి పేరే రాస్తాడు. విన్న ఆ క్షణాన బాలనర్సమ్మకు నడుమున సర్కారు బిళ్ల కట్టుకున్నట్టే అనిపించింది. ఆ బిళ్ల పొద్దుగూకే దాకా కూడా నిలవలేదు. ఐలేశం తన తమ్ముడు లింగస్వామికి వంటవాడి తెల్ల తలపాగా కొలతలు చూస్తున్నాడు. లింగస్వామికి తినడం తప్ప వంటతో వేరే చుట్టరికం లేదు.

"పేరు తమ్మునిది, చెయ్యి నీది. ఇంట్ల పైస ఇంట్లనే ఉంటది గదనే," అన్నాడు ఐలేశం, ఎంతో ఉదారంగా.

పదవి లేనివాళ్లకు పెదవి ఎందుకని ఆ ఇంట్లో రివాజు. అత్తకు దవాఖాన ఎప్పుడో, బర్రెకు దాణా ఎంతో, ఇంటి కప్పు ఏ నెలలో కప్పాలో అన్నీ బాలనర్సమ్మ తలలోనే పుట్టేవి. కానీ ఐలేశం నోట్లోంచి బయటికొస్తేనే అవి మాటలు. ఆమె కూడా 'మా ఆయన చెప్పిండు' అని ముందు తగిలిస్తేనే ఊళ్లో ఎవరైనా వినేది.

మర్నాడు మధ్యాహ్నం జీపులు వచ్చాయి. వంటింటి తెర సందులోంచి చూసింది. ఏనుగంత మనిషి దిగుతాడనుకుంటే, బూట్లనిండా దుమ్ముతో, కళ్లద్దాలు తుడుచుకుంటూ ఒక బక్కపలచని మనిషి దిగాడు. కలెక్టరు ఆయన ముందు కూర్చోవడానికి కూడా మొహమాటపడ్డాడు. జొన్నరొట్టె, పుంటికూర తింటూనే ఆయన ఏదో కాగితం చదివి, ఎడమచేత్తో పక్కకు పెట్టి, నల్గొండలో ఉన్న ధాన్యం లారీలు సాయంత్రానికి ఇక్కడికి రావాలన్నాడు. గొంతు పెంచలేదు. "ఉత్తర్వులో గవర్నరు గారి ఆజ్ఞ ప్రకారం అని వెయ్యండి," అని మళ్లీ రొట్టె తుంచాడు. తన పేరు మాటే ఎత్తలేదు. బాలనర్సమ్మ తెర ఇంకాస్త జరిపింది. తుంచిన రొట్టె ముక్క నోట్లోకి పోకముందే ఎన్ని ఊళ్లకు గింజలు కదిలాయి! అదంతా చేసి, చెయ్యనట్టు కూర్చోవడం ఎంత గొప్ప విద్య! ఆ విద్య తనకూ వచ్చునన్న తలపు రాగానే ఆమెకు ఆయనంటే భయం పోయింది. తనంటే మాత్రం మొదటిసారి కాస్త భయం వేసింది.

ఆ బంగ్లాలో ఒక ఆనవాయితీ ఉంది. ఆఖరున మజ్జిగ తెచ్చి సలాం కొట్టాల్సింది వండినవాడే. లింగస్వామి తలపాగా సర్దుకుని, చెంబు కోసం తెరలోకి చెయ్యి చాచాడు. బాలనర్సమ్మ చెంబు ఇవ్వలేదు. కొంగు నడుముకు బిగించి, తెర తొలగించుకుని, తనే నడిచి వెళ్లి గ్లాసు నింపింది.

పేష్కారు కృష్ణయ్య పైకప్పు వైపు చూశాడు. ఐలేశం మొహం కొత్తగా వేసిన సున్నంతో పోటీ పడింది. తలుపవతల సైదమ్మ దగ్గింది. ఆ దగ్గుకు అర్థం లోపలికి రమ్మని.

"నువ్వెవరమ్మా?" అన్నాడు చీఫ్ సెక్రటరీ.

"వండింది నేనే, దొరా. ఈ బంగ్లల మీ అసుంటి కొలువే నాది. హుకుం వీళ్లది, పని నాది. జీతమొక్కటే లేదు."

ఆయన మజ్జిగ సగం తాగి గ్లాసు కింద పెట్టాడు. కళ్లద్దాలు తీసి తెర వైపు, తెల్ల తలపాగా వైపు, మళ్లీ ఆమె వైపు చూశాడు. నవ్వలేదు, కసరలేదు.

"రాత్రికీ మా భోజనం ఇక్కడే," అన్నాడు, గొంతు పెంచకుండానే. "ఎవరు వండుతారు?"

అన్న తమ్ముణ్ణి చూశాడు. తమ్ముడు అన్నను చూశాడు. తర్వాత అలవాటు ప్రకారం ఇద్దరూ ఆమెను చూశారు.

"నా పేరు మీదనైతే నేను వండుత, దొరా," అంది బాలనర్సమ్మ. "మా మరిది పేరు మీదనైతే మరిదినే వండుమనుండ్రి."