అర్జీలో పెట్టని పేరు

చుయ్యిమని సన్నటి శబ్దం. వెంటనే కమిలిన నూనె వాసన. మెడ వంచి కూర్చున్నాను గనుక వేడి దువ్వెన నాకు కనిపించలేదు.

"చెవి పట్టుకో తల్లీ," అంది ఒడెస్సా అత్త.

అమెరికాలో, మెంఫిస్‌లో, మా నల్లవాళ్ళ వీధి ఆడవాళ్ళ ఉంగరాల జుట్టంతా అత్త వేడి దువ్వెన కిందే తిన్నగా సాగుతుంది. ఆ రోజు శుక్రవారం. మంగళవారం నాకు బ్యాంకులో ఇంటర్వ్యూ. సొంత పేరుతో పంపిన ఇరవై మూడు అర్జీలకు ఒక్క జవాబూ రాలేదు. అత్త మాట విని ఇరవై నాలుగోదాని మీద తెల్లవాళ్ళ పేరులా వినిపించేలా ఎరికా బూకర్ అని రాశాను. నాలుగో రోజే పిలుపు వచ్చింది. చదువులో, అనుభవంలో ఒక్క అక్షరం మార్చలేదు.

తాత పేరులో సగం, నాయనమ్మ పేరులో సగం కలిపి పిల్లకు కొత్త పేరు కట్టడం మా వాళ్ళ అలవాటు. నా పేరూ అలా కట్టినదే. వినగానే నేను ఏ వీధి పిల్లనో, ఏ రంగు పిల్లనో ఎవరైనా చెప్పేస్తారు.

కుళాయి బిగించడానికి వచ్చిన థాడియస్ మావయ్య సంగతి విని పానా కింద పెట్టాడు. బ్యాంకు లోపలికి వెళ్ళాక ముఖం కూడా మార్చుకుంటుందా అని అడిగాడు. తనకు బైబిల్లోంచి తీసిన పేరున్నా, పోలీసులు నెలకు రెండుసార్లు బండి ఆపుతూనే ఉన్నారట. ఆపేముందు పేరు అడగరట.

"నీ బండి వాలకం చూస్తే నేనూ ఆపుతాను," అంది అత్త. వరుసలో కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు.

అత్త నవ్వలేదు. ముందు గుమ్మం దాటాలి, జీతం రావాలి, ఇల్లు కొనాలి, పౌరుషం ఆ తరువాత అంది. ఎర్ల్ తాత యుద్ధం నుంచి తిరిగొచ్చి ఇంటికి అప్పు అడిగితే, ఈ వీధిలో ఇళ్ళకు ఇవ్వం అన్నారు బ్యాంకువాళ్ళు. తెల్లవాళ్ళ వీధికి ఇచ్చారు. ఆ తెల్లవాళ్ళ మనవలు ఇప్పుడు అద్దెలు తీసుకుంటున్నారు, మనం కడుతున్నాం అంది.

"నేననేదీ అదేనే," అన్నాడు మావయ్య నెమ్మదిగా. "ఆ మనిషి దీనికి ఇల్లు ఇవ్వలేకపోయాడు, నేల ఇవ్వలేకపోయాడు. ఇచ్చింది సగం పేరు. అదీ దాచుకోమంటున్నావు."

"పేరు వండుకు తింటామా?" అంది అత్త.

ఇద్దరిదీ నిజమే అనిపించింది. నా కష్టమంతా అదే.

ఫోను మోగింది. బ్యాంకు నుంచి. అవతలి గొంతు మర్యాదగానే ఉంది. మంగళవారం లోపలికి రావడానికి మెడలో వేసుకునే చీటీ మీద ఎరికా బూకర్ అని రాస్తున్నారట. సరేనా అని అడిగింది.

అవునంటే ఒక్క మాట. ఉద్యోగం దొరికితే మాత్రం ఆ అవును రోజూ నా గుండెల మీద వేలాడుతుంది. కాదంటే మంగళవారమే లేకుండా పోవచ్చు. అత్త దువ్వెన ఎత్తి పట్టుకుని ఉండిపోయింది. మావయ్య నా వైపు చూడలేదు.

"ఆ పేరు కాదండి," అన్నాను. "ఎర్లనీస్. ఎర్లనీస్ బూకర్."