తెర మీది మేడం

కరోనాకు కాలేజీలు మూతబడిన ఏడాది మసరత్ జమ్మలమడుగులోని తన వంటింట్లో కూర్చుని ఫోనులో ఆన్‌లైన్ పాఠాలు చెప్పింది. ఇంట్లో సిగ్నల్ అందేది అక్కడి కిటికీ దగ్గరే. ప్రొద్దుటూరులోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె చాలా ఏళ్లుగా కెమిస్ట్రీ లెక్చరర్. జమ్మలమడుగు, పులివెందుల బ్రాంచీల్లోనూ ఆమే చెప్పేది.

ఫోనులో పిల్లల ముఖాలు కనబడేవి కావు, పేర్లే కనబడేవి. ఒకరోజు క్లాసు మధ్యలో కుక్కర్ కూత వేసింది. మరునాడు ఎవరో తమ పేరు తీసేసి ‘కుక్కర్ మేడం’ అని పెట్టుకుని క్లాసులోకి వచ్చారు. ఎవరో తెలియలేదు. దానికంటే కాలేజీ నడిపే కరస్పాండెంట్ ఆదినారాయణ చప్పుడు చేయకుండా క్లాసులోకి రావడం ఆమెను ఎక్కువగా బాధించేది. పాఠం నడుస్తుండగా ఉన్నట్టుండి ఆయన గొంతు వినిపించేది.

“గొంతు పెంచు మేడం. నాకే నిద్దరొస్తాంది, పిల్లోల్లకు రాదా?”

పిల్లలు నవ్వేవారు. మసరత్ పళ్లు బిగించి పాఠం కొనసాగించేది.

తర్వాత ఆయన పాఠాలన్నీ వీడియో తీయించాలన్నాడు. ఖాళీ ల్యాబులో కెమెరా పెట్టారు. కెమెరా వెనక నిలబడింది ఫిజిక్స్ చెప్పే షంషుద్దీన్. ఎన్నో ఏళ్లు ఆమెతో పాటు పులివెందుల బస్సులో ప్రయాణించినవాడు, ఆమెను అక్కగా భావించి ‘ఆపా’ అని పిలిచేవాడు.

“ఎందుకు భయ్యా ఇవన్నీ?” అని అడిగింది.

“క్లాసు తప్పిపోయినోల్లు మల్లా సూసుకుంటారంట ఆపా. అంతే.”

ఆమె నమ్మింది. ఎదురుగా ఎవరూ లేకపోయినా అలవాటు కొద్దీ “అర్థమైందా?” అని అడిగి, కాసేపు ఆగి, ముందుకు పోయేది.

కాలేజీలు తెరిచాక టైంటేబుల్లో ఆమె పేరు లేదు. ఆదినారాయణ దగ్గరికి వెళ్లింది. ఆయన కూర్చోమనలేదు.

“నీ పాఠాలన్నీ మా దగ్గర ఉండాయి గదమ్మా. ఇంక నువ్వెందుకు?”

“ఆ పాఠాలు చెప్పింది నేను సార్.”

“చెప్పినావు, జీతం తీసుకున్యావు. అయిపాయ.”

షంషుద్దీన్‌ను పులివెందుల బ్రాంచికి ఇన్‌ఛార్జిగా వేశారు. ఆమె ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు.

కొన్నాళ్లకు పులివెందుల నుంచి నందిని అనే అమ్మాయి ఫోన్ చేసింది.

“మేడం, బెంజీన్ పాఠంలో మీరు ఒక బాణం గుర్తు ఏసి, ఎలక్ట్రాన్లు ఇట్ల పోతాయి అని దాటేసినారు. ఆ పక్కకే ఎందుకు పోతాయో నాకు తెలీల్యా. అడుగుదామంటే వీడియో ఆగదు, షంషుద్దీన్ సార్ ఆపనీడు.”

మరునాడే మసరత్ ముద్దనూరు మీదుగా పులివెందులకు బస్సెక్కింది. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. అడ్మిషన్ల ఫ్లెక్సీలో ఆమె ఫోటో ఇంకా ఉంది.

హాలు తలుపు తోసి వెనక నిలబడింది. గోడంత తెర మీద తన ముఖమే పచ్చగా పాలిపోయి కనబడింది. ముందు వరసలో ముగ్గురు కుర్రాళ్లు కాగితం ఉండలు చుట్టి తెర మీదికి విసురుతున్నారు, ముక్కుకు తగిలితే గెలిచినట్టు. తెర మీది మసరత్ “అర్థమైందా?” అని ఆగింది.

“కాల్యా!” అని ఒకడు అరిచాడు. హాలంతా ఘొల్లుమంది.

“సరే, ముందుకు పోదాం,” అంది తెర మీది మసరత్.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. నేరుగా వెళ్లి ప్రొజెక్టర్ వైరు పీకేసింది. ఆమెను చూసి నవ్వులు ఆగిపోయాయి. ఒకడి చేతిలో కాగితం ఉండ అలాగే ఉండిపోయింది.

“ఏది అర్థం కాల్యా? లేసి చెప్పు.”

వాడు తల దించుకున్నాడు. నందిని లేచి తన ప్రశ్న అడిగింది. మసరత్ సుద్దముక్క తీసుకుని బోర్డు మీద బొమ్మ వేయడం మొదలుపెట్టింది. అది సగంలో ఉండగానే షంషుద్దీన్ పరుగున వచ్చాడు.

“ఆపా, నువ్వు ఈడికి రాకూడదు. బయటికి పద.”

“నేను ఈ హాల్లోనే ఉండాను గదా భయ్యా, రోజూ. నా ముఖం మీద ఉండలు ఇసురుతాంటే నువ్వు యాడుండావు?”

అతను ఆదినారాయణకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

“ఏందమ్మా నీ రౌడీతనం? పోలీసుల్ని పిల్సమంటావా?”

“నా ముఖం, నా గొంతు తీసేయండి సార్. అప్పుడు పోతా.”

“నా కెమెరా, నా కరెంటు. ఆ వీడియో నాది. నీ దిక్కున్న చోట చెప్పుకో పో.”

“చెప్పుకుంటా,” అంది మసరత్.

బొమ్మ పూర్తిచేసి, నందిని అర్థమైందన్నాకే బయటికి నడిచింది.

అడ్మిషన్ల వారమంతా ఆమె ప్రొద్దుటూరు కాలేజీ గేటు ఎదుట నిలబడింది. వచ్చిన ప్రతి తల్లినీ తండ్రినీ ఆపి, అక్కడా కట్టి ఉన్న అదే ఫ్లెక్సీ చూపించింది.

“ఆ ఫోటోలో ఉండేది నేనే. నన్ను తీసేసినారు. మీ పిల్లోల్లకు చెప్పేది టీవీ.”

కాలేజీ మనుషులు చుట్టుముట్టి బూతులు తిట్టారు. ఒకడు ఆమె సంచి లాక్కుని మురుగు కాలువలోకి విసిరాడు. కానిస్టేబుల్ వచ్చి, రోడ్డు మీద నిలబడడం నేరం కాదని చెప్పి వెళ్లిపోయాడు. కొందరు తల్లిదండ్రులు లోపలికి పోయి ఆదినారాయణను నిలదీశారు. కొందరు వెనక్కి తిరిగి వేరే కాలేజీ దారి పట్టారు.

ఆ వారం చివరికి ఫ్లెక్సీ దిగింది. వీడియోలు కూడా ఆపేశారు. ఆమె చోట అప్పుడే చదువు ముగించిన అమ్మాయిని తక్కువ జీతానికి పెట్టుకున్నారు. మసరత్‌ను పిలవలేదు. పిలిచినా ఆమె పోయేది కాదు.

ఇప్పుడు జమ్మలమడుగులో ఒక మిద్దె గది అద్దెకు తీసుకుని ట్యూషన్ చెబుతోంది. ఒకసారి ఎర్రగుంట్లలో బస్సెక్కితే షంషుద్దీన్ పక్కకు జరిగి చోటిచ్చాడు.

“వీడియోలు తీసేసినాం గదా ఆపా, ఇంకా ఏంది కోపం? నాకూ పెండ్లాం బిడ్డలు ఉండారు.”

“నాకూ బిడ్డలు ఉండారు షంషుద్దీన్,” అంది.

భయ్యా అనలేదు. వెనక్కి వెళ్లి, కడ్డీ పట్టుకుని, ఊరు వచ్చేదాకా నిలబడే ఉంది.