మూడో అంతస్తు చివరి గది

మా భవనంలో నీళ్ళ గొట్టాలు మారుస్తున్నామని, శుక్రవారం నుంచి ఆదివారం దాకా చుక్క నీరు రాదని గేటు దగ్గర కాగితం అంటించారు. మిగతా వాటాల వాళ్ళంతా చుట్టాల ఇళ్ళకు సర్దుకున్నారు. నాకున్న చుట్టమల్లా అక్క ఒక్కతే. అక్క వాళ్ళ ఊరికి రైల్లో పదహారు గంటలు. పెళ్ళి చేసుకుని ఆమె అక్కడికి వెళ్ళిన ఈ తొమ్మిది నెలల్లో నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. రమ్మని పిలిచినప్పుడల్లా పని ఉందన్నాను.

పని ఉన్న మాట నిజమే. నేను కట్టుడు పళ్ళు చేస్తాను. డాక్టర్లు పంపే అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, దాని మీద మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కొక్క పన్నూ కూర్చడం నా పని. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే దీపం. కానీ నేను వెళ్ళకపోవడానికి కారణం పని కాదు.

"ఏదైనా హోటల్లో దిగండి మేడమ్, రెండు రోజులు హాయిగా కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు" అంది ల్యాబులో నా పక్క బల్ల అమ్మాయి. ఊళ్ళో హోటళ్ళకేం కొదవ లేదు. నేను మాత్రం ఫోన్ తీసి నాకు కంఠతా వచ్చిన ఒకే ఒక్క హోటల్ నంబరు నొక్కాను. అక్క ఇరవై ఆరేళ్ళు పనిచేసిన హోటల్ అది.

"ఫలానా గది కావాలని ఏమైనా ఉందా మేడమ్?" అంది అవతలి గొంతు.

"మూడో అంతస్తులో చివరి గది ఖాళీ ఉందా?"

అడిగాక నాకే సిగ్గేసింది.

అక్క అక్కడ గదులు సర్దే పనిలో చేరి, చివరికి మూడో అంతస్తంతటికీ పెద్దయింది. మేమిద్దరం పెళ్ళిళ్ళు లేకుండా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. సాయంత్రం ఆరున్నరకల్లా ఆమె వచ్చి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టేది. ఒకాయన పక్షిపంజరంతో సహా దిగాడట. ఒకావిడ తన దిండు తానే తెచ్చుకుని, హోటల్ దిండు పట్టుకుని వెళ్ళిపోయిందట. ఆమెతో పనిచేసే ఒకావిడ నవ్వితే మూడు అంతస్తులకూ వినిపిస్తుందట, అందుకని ఆమెకు 'సైరన్' అని పేరు పెట్టారట. నేను ఒక్కసారి కూడా ఆ హోటల్ గడప తొక్కలేదు గానీ, అందులో ఏ మూల ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని.

అలాంటి అక్క ఒక సాయంత్రం కబుర్లేమీ చెప్పలేదు. చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"చిన్నీ, ఒకాయన ఉన్నారు. తూనికల యంత్రాలు బాగుచేస్తారు. ఇక్కడి ఫ్యాక్టరీల పని మీద మూడు నెలలకోసారి వచ్చి మా మూడో అంతస్తు చివరి గదిలో దిగుతారు. ఆయన్ని పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాను."

అక్కకప్పుడు యాభై ఒకటి. నేను "మంచిదేగా" అన్నాను. అని, అప్పటికే కడిగిన గిన్నెను మళ్ళీ కడిగాను. నెల తిరిగేసరికి రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షిగా సంతకం పెట్టాను. ఆయన గురించి నాకు తెలిసిందల్లా పై వరసలో ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి కొద్దిగా ఎక్కి ఉందని. అంతే. ఇన్నేళ్ళ కబుర్లలో పక్షిపంజరం వాడున్నాడు, దిండు దొంగ ఉంది, ఈయన ఒక్కసారైనా లేడు. నా కడుపులో మంటంతా అదే.

శుక్రవారం మధ్యాహ్నం చిన్న సూట్‌కేసుతో హోటల్‌కు వెళ్ళాను.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, అక్క చెప్పినంత గొప్పగా ఏం లేదు. కౌంటర్ దగ్గర నేలంతా నిమ్మ వాసన, ఆ వాసన కింద తడిసిన తివాచీ వాసన. కౌంటర్ అమ్మాయి నవ్వు బాగుంది, కింది వరస కొంచెం ఇరుకు. లిఫ్టు ప్రతి అంతస్తు దగ్గరా ఏదో గుర్తొచ్చినట్టు ఒక్క క్షణం ఆగి కదులుతుంది. గది కార్డు మూడోసారికి గానీ పనిచేయలేదు. కిటికీ తెరిస్తే ఎదురుగా వెనక భవనం గోడ, దాని నిండా ఏసీ పెట్టెలు. నీళ్ళు కాచుకునే కెటిల్ ఉంది, దాని తీగేమో ప్లగ్గు దాకా అందదు. దాన్ని కింద పెట్టి, నేనూ కింద కూర్చుని కాఫీ కలుపుకున్నాను. కుళాయిని వేడి వైపు తిప్పితే చన్నీళ్ళు, చల్ల వైపు తిప్పితే వేణ్ణీళ్ళు. నాలుగు దిండ్లున్నాయి, ఒక్కటీ నా మెడకు కుదర్లేదు. తువ్వాళ్ళు మాత్రం మెత్తగా, మందంగా, మా ఇంట్లో ఏనాడూ లేనంత బాగున్నాయి.

కుర్చీలో కూర్చుని గదంతా చూశాను. ఇక్కడే కదా ఆయన కూర్చునేవాడు. అక్క తలుపు కొట్టి లోపలికి వచ్చి, ఈ అద్దం తుడిచి, ఈ బల్ల మీద గ్లాసులు బోర్లించి, ఏం మాట్లాడి ఉంటుంది? ఆ మాటల్లో ఒక్కటైనా నాకెందుకు చెప్పలేదు? ఆరున్నర అయ్యేసరికి అలవాటు చొప్పున చెవులు తలుపు వైపు వెళ్ళాయి. ఇంట్లోనూ అంతే, ఈ తొమ్మిది నెలలుగా. కారిడార్లో తివాచీ ఉండడంతో ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో అడుగుల చప్పుడైనా తెలియదు. మా ఇల్లే నయం, పక్కింటి వాళ్ళ చెప్పులైనా వినిపిస్తాయి.

పొద్దున లేచి, చేయి ఊరుకోక నా పక్క నేనే వేసేశాను. దుప్పటి లాగి, మూలల దగ్గర త్రికోణంగా మడిచి, అంచు లోపలికి తోసి, పైన అరచేత్తో ఒకసారి రాశాను. చిన్నప్పటినుంచీ అక్క వేసే తీరు అదే. కింద టిఫిన్ హాల్లో రొట్టె కాల్చే యంత్రం ఒకసారి పెడితే తెల్లగా, రెండోసారి పెడితే నల్లగా ఇస్తోంది. ఆ నల్లదే తిని పైకి వచ్చేసరికి నా గది తలుపు తెరిచి ఉంది. లోపల భారీ మనిషి ఒకావిడ, చేతిలో కొత్త దుప్పట్లు పట్టుకుని, నా మంచం వైపు చూస్తూ నిలబడి ఉంది.

"మేడమ్, ఈ పక్క ఎవరు వేశారు?"

"నేనే. ఏం, తప్పా?"

"తప్పని కాదు. ఈ మూల ఉంది చూశారా, ఇలా మడిచేది మా హోటల్ మొత్తం మీద ఒక్కరే. ఆవిడ మానేసి వెళ్ళిపోయారు." నా మొహంలోకి పరకాయించి చూసింది. మెల్లగా ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "అమ్మదొంగా! నువ్వు పళ్ళ చెల్లివా?"

అని నవ్వింది చూడండి, పక్క గది తలుపు తీసుకుని ఎవరో బయటికి తొంగిచూశారు. నాకిక పేరు అడగాల్సిన పని లేకపోయింది.

"పళ్ళ చెల్లి ఏమిటండీ?" అన్నాను, నాకూ నవ్వొచ్చి.

"మరి? రోజూ భోజనాల గదిలో నీ కబుర్లే కదా మాకు. మా చెల్లి ఒక ముసలాయనకు పళ్ళు కట్టింది, మా చెల్లికి ఒకావిడ నవ్వుతూ ఫొటో పంపింది. నీ జలుబులూ దగ్గులూ కూడా మాకు లెక్కే." దుప్పట్లు మంచం మీద పడేసి కూర్చుంది. "అది సరే, ఇన్ని గదులుండగా ఈ గదిలో దిగావేం?"

నేను ఆ కుర్చీ వైపు చూశాను. ఆమెకు అర్థమైపోయింది.

"కోపమా అక్క మీద?"

"కోపం కాదు. ఉన్నట్టుండి చెప్పింది, ఉన్నట్టుండి వెళ్ళింది. నాకు ఊపిరి తీసుకునే టైమైనా ఇవ్వలేదు."

"ఉన్నట్టుండా?" సైరన్ గొంతు మొదటిసారి తగ్గింది. "తల్లీ, పెళ్ళి నాటికే ఆయన అడిగి ఆరేళ్ళయింది. అడిగిన రోజునే మీ అక్క కుదరదని చెప్పేసింది. ఇంట్లో చెల్లి ఒక్కతే అయిపోతుంది, నా వల్ల కాదు అంది. ఆ పెద్దమనిషి మళ్ళీ అడగలేదు. హోటల్ మార్చనూ లేదు. మూడు నెలలకోసారి రావడం, ఈ గదే అడగడం, నాలుగు రోజులుండి వెళ్ళిపోవడం. ఆయన వెళ్ళిన రోజు ఈ గది ఇంకెవర్నీ సర్దనిచ్చేది కాదు మీ అక్క."

"మరి చివరికి ఎలా ఒప్పుకుంది?"

"నిన్ను చూసే. ఒకరోజు పొద్దున్నే వచ్చి, మా చెల్లికి నేను లేకపోయినా ఫర్వాలేదట, నిన్న మొహం మీదే చెప్పేసింది అంది. నవ్వుతూనే చెప్పింది. ఆ వారమే ఆయన దిగారు. ఈసారి మీ అక్కే అడిగింది."

ఆమె పక్క గది సర్దడానికి వెళ్ళింది. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. ల్యాబులో ఒక పెద్ద పళ్ళ సెట్టు చేతి నుంచి జారి విరిగి, ఆలస్యంగా ఇల్లు చేరాను. అక్క తినకుండా నాకోసం కూర్చుని ఉంది. కూర్చుని ఉండడమే నాకు ఒళ్ళు మండించింది. "నన్ను పసిపిల్లలా కాపలా కాయకక్కా. నువ్వు లేకపోయినా నేను బతకగలను" అన్నాను. అక్క లేచి కంచాలు తెచ్చింది. మర్నాటికి నేనా మాట మర్చిపోయాను.

మధ్యాహ్నం అక్కకు ఫోన్ చేశాను.

"ఏమే, ఈ వేళప్పుడు? ల్యాబు లేదా?" అంది.

"మీ హోటల్లో ఉన్నాను. మూడో అంతస్తు చివరి గదిలో."

"ఎలా ఉంది?" అంది చిన్నగా.

"నిజం చెప్పనా? కుళాయి తలకిందులుగా ఉంది. కెటిల్ తీగ అందదు. నేల మీద కూర్చుని కాఫీ తాగాను."

"ఆ కుళాయి సంగతి నేను పుస్తకంలో రాసి పెట్టి మరీ వచ్చాను! ఇంకా బాగుచేయలేదా? బల్ల కొంచెం ఇటు జరుపుకోవచ్చు కదే, తీగ అందుతుంది. ఇన్నేళ్ళు చెప్పాను, ఒక్కటీ చెవికెక్కలేదా నీకు?"

"బల్ల సంగతి నువ్వెప్పుడు చెప్పావు? ఈ గది సంగతి ఒక్కటే నాకు చెప్పలేదు నువ్వు."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"సైరన్ కలిసిందా?" అంది అక్క.

"కలిసింది. అక్కా, ఆ రోజు నేనన్న మాట... నువ్వు లేకపోయినా బతకగలనని. అది నిజం కాదు. పళ్ళ సెట్టు విరిగిన చిరాకులో అన్నాను."

"నాకు తెలుసు."

"తెలుసా?"

"నీ సంగతి నాకు తెలియకపోవడమేమిటే? కోపంలో అన్నావని అప్పుడే తెలుసు. తెలిసి కూడా, నిజమే అన్నావని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట పట్టుకునే వెళ్ళాను. నాకు వెళ్ళాలని ఉండింది చిన్నీ."

ఇద్దరం ఏడ్చామో లేదో చెప్పను. నలభై ఆరేళ్ళలో అక్క నోట తనకేదో కావాలన్న మాట నేను వినడం అదే మొదటిసారి. పెద్ద ముక్క నాకు పెట్టి చిన్నది తను తీసుకున్న మనిషి. కిటికీ వైపు మంచం నాకిచ్చి గోడ వైపు పడుకున్న మనిషి. ఆరేళ్ళ పాటు మూడు నెలలకోసారి ఈ గదిలో ఆయన ఖాళీ చేసి వెళ్ళిన మంచం సర్ది, ఆరున్నరకు ఇంటికి వచ్చి, నాకు దిండు దొంగ కథ చెప్పి నవ్వించింది.

"వెళ్ళినందుకు నాకేం కోపం లేదక్కా" అన్నాను. "బెంగ మాత్రం ఉంది. అది నువ్వేం చేయలేవు."

"నాకు మాత్రం లేదనుకున్నావా? ఇక్కడ సాయంత్రమైతే ఆయన పేపరు చదువుకుంటారు. నేను మాట్లాడితే వింటారు, పాపం, మంచివారే. కానీ నీలాగా 'తర్వాత? తర్వాత?' అని అడగరు."

ఆదివారం ఖాళీ చేసేటప్పుడు కౌంటర్ అమ్మాయి అభిప్రాయాల కాగితం ఇచ్చింది. కుళాయి, తీగ, రొట్టెల యంత్రం, దిండ్లు అన్నీ రాశాను. తువ్వాళ్ళు బాగున్నాయనీ, మూడో అంతస్తులో పనిచేసే ఆవిడ నవ్వు ఇంకా బాగుందనీ రాశాను. కింద ఇంకా చాలా చోటు మిగిలింది. ఏం రాయను? కాగితం మడిచి ఇచ్చేశాను.

రెండు నెలలకు అక్కా బావగారూ వచ్చారు. హోటల్లో దిగుతామంటే నేను ఒప్పుకోలేదు. నాలుగు రోజులూ ఇంట్లోనే ఉన్నారు. బావగారు పగలు ఫ్యాక్టరీల చుట్టూ తిరిగేవారు. నేను ల్యాబుకు సెలవు పెట్టాను. అక్కా నేనూ నోళ్ళు నొప్పి పుట్టేదాకా మాట్లాడుకున్నాం. నాలుగో రోజు సాయంత్రం స్టేషన్లో అక్క సామాను దగ్గర కూర్చుంటే, బావగారూ నేనూ టీ తేవడానికి వెళ్ళాం. కొట్టు దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు. నిలబడి ఉండగా అడిగేశాను.

"ఆరేళ్ళు ఎలా ఉన్నారు బావగారూ?"

ఆయన మాటకారి కాదు.

"మొదటి రెండు నెలలూ పనిలో పడి బాగానే గడిచేవమ్మా. మూడో నెలే కష్టం. వెళ్ళే తేదీ దగ్గరపడుతున్నకొద్దీ రోజు కదిలేది కాదు. తీరా వస్తే నాలుగు రోజులూ ఇలా వచ్చి అలా పోయేవి." టీ కప్పులు అందుకుని, ఒకటి నా చేతికిచ్చారు. "ఇకనుంచి ప్రతిసారీ తనను కూడా తీసుకొస్తాను లెండి. మీరు కూడా అటు రండి. మా ఇంట్లో కుళాయిలు సరిగానే ఉన్నాయి."

నవ్వారు. ముందు పన్ను పక్కదాని మీదికి ఎక్కి ఉంది. సరిచేయడం పెద్ద పనేమీ కాదు, కానీ చేయకపోతేనే బాగుంటుందనిపించింది.

రైలు కదిలాక నేను ఇంటికి నడిచే వెళ్ళాను. ఆరున్నర దాటింది. తలుపు తీసి, దీపం వేసి, గోడకున్న క్యాలెండర్లో ఇక్కణ్ణుంచి మూడో నెల కాగితం తిప్పి చూశాను. ల్యాబులో సెలవు అడగడానికి ముందే, వాళ్ళు మళ్ళీ వచ్చే తేదీ తెలిసి ఉండాలి కదా.