అత్త పిలవని రోజు

అత్తను ఎడమ పక్కకు తిప్పి, వీపు తుడిచి, పౌడరు చల్లుతూ ఆ అబద్ధం ఆడాను. పెనుకొండలో మా అక్క నల్లమ్మకు జ్వరం ఎక్కువగా ఉందట, రేపు తెల్లారేముందే పోయి దీపాలు పెట్టేవేళకు తిరిగొస్తాను అని. ఆమె మొహంలోకి చూడలేదు. పక్క గదిలో మగ్గం మీదున్న మా ఆయన శివకృష్ణకు కూడా వినబడాలని కాస్త గట్టిగానే చెప్పాను.

నిజానికి మా పొదుపు సంఘం నడిపే చౌడక్క సంఘం ఆడవాళ్లను వ్యానులో తలకోనకు తీసుకుపోతోంది. 2005, కార్తీక మాసం. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, జలపాతం నిండుగా దూకుతోందని అందరూ చెప్పుకుంటున్నారు. వారం ముందు నిజమే చెప్పి అడిగాను. నీళ్లు చూడ్డానికి అంత దూరమా, మా అమ్మను ఎవరు చూస్తారు అన్నాడాయన. తను స్నేహితులతో రెండుసార్లు పోయి ఆ నీళ్ల కింద నిలబడి వచ్చిన మనిషే. అప్పుడు అమ్మను ఎవరు చూస్తారని ఆయన అడగలేదు. నాకూ అడగాలని తోచలేదు. అక్క జ్వరం అనేసరికి మాత్రం, సరే, సాయంత్రానికి వచ్చేయమన్నాడు.

మూడేళ్ల కిందట పక్షవాతంతో అత్తకు కుడివైపు పడిపోయింది. మాట నెమ్మదిగా వస్తుంది. ఆమెను కడగడం, గంజి తాగించడం, మధ్యలో మగ్గానికి కావాల్సిన దారం కండెలకు చుట్టడం నా పని. ధర్మవరంలో మా ఇంటి చీర ఎవరు నేశారంటే శివకృష్ణ అంటారు. ఆయన భార్య ఏం చేస్తుందంటే, ఇంట్లోనే ఉంటుంది అంటారు. అత్త కూడా నలభై ఏళ్లు అలాగే ఇంట్లో ఉంది.

వ్యాను కదిరి దాటింది, నల్లచెరువు దాటింది. అందరూ పాటలు పాడుతుంటే నేను టైము చూసుకుంటున్నాను. ఏడుకు బట్ట మార్చాలి. తొమ్మిదికి గంజి. పదకొండుకు పక్క తిప్పాలి. ఆయనకు మూడుసార్లు చెప్పాను, మగ్గం మీదినుంచే తలూపాడు. అడవి గేటు దగ్గర దిగి, రాళ్ల దారిలో నడుస్తున్నంతసేపూ వెనక్కి పోవాలనే ఉంది. తీరా అంత ఎత్తు బండ మీదినుంచి నీళ్లు దూకడం చూశాక కాళ్లు వాటంతటవే ముందుకు పోయాయి. చౌడక్క చెయ్యి పట్టుకుని ధార కిందికి వెళ్లాను. నీళ్లు నడినెత్తిన పడ్డాయి. ఎవరో పెద్దగా నవ్వుతున్నారు. చాలాసేపటికి అది నేనేనని తెలిసింది.

గట్టుకు వచ్చి జుట్టు పిండుకుంటూ ఉండగా, ఇంతసేపూ అత్త గుర్తే రాలేదని గుర్తొచ్చింది. జబ్బు మనిషిని వదిలేసి వచ్చి, ఆమె అనే ఒక మనిషి ఉన్నదన్న సంగతే మరిచిపోయాను. చౌడక్క పెట్టిన పులిహోర పక్కనున్నామెకు ఇచ్చేశాను.

ఇల్లు చేరేసరికి వీధి మొగలోకే మా మగ్గం చప్పుడు వినబడింది. ఆయన తల తిప్పకుండానే అక్కకు ఎట్లుందని అడిగాడు. తగ్గిందన్నాను.

"అమ్మ ఈపొద్దు ఏం ఇబ్బంది పెట్టలేదు. ఒక్కసారి గూడా పిలవలేదు. గంజి గూడా వద్దనింది" అన్నాడు.

లోపలికి వెళ్తే వాసన. పొద్దున నేను మార్చిన బట్టే ఇంకా ఆమె కింద ఉంది. పరుపు దాకా తడిసిపోయింది. పక్కకు తిప్పితే వీపు మీద చర్మం తెల్లగా నాని, రెండుచోట్ల చిట్లింది. అక్కడే కూలబడ్డాను.

"ఎందుకు పిలవలేదత్తా? ఆయన ఈడనే ఉండాడు గదా."

ఆమె ఒక్కొక్క మాటా కూడదీసుకుని చెప్పింది.

"పిలిస్తే వాడు నా దగ్గరికి రాడు పుష్పా. నిన్ను రమ్మని పెనుకొండకు ఫోన్ చేస్తాడు. నువ్వు ఆడ లేవని తెలిసిపోతాది."

కిటికీ పక్కనే ఆమె మంచం. చౌడక్క వీధిలో నిలబడి వ్యాను సంగతి చెప్పినప్పుడే ఆమె విన్నదట. గంజి తాగితే బట్ట ఇంకా తడుస్తుందని గంజి మానుకుందట. నేను నవ్విన ఆ కాసేపూ ఆమె ఈ తడిలో నోరు మూసుకుని పడుకుని ఉంది.

"నీళ్లు బాగుండెనా?" అని అడిగింది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కాళ్లు పట్టుకున్నాను. కాళ్లు చల్లగా ఉన్నాయి. లేచి ఎప్పటిలాగే బకెట్టు అందుకున్నాను. వాకిలి దాకా వెళ్లి దాన్ని కింద పెట్టేశాను. మగ్గం దగ్గరికి వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"నేను పెనుకొండకు పోలేదు. తలకోనకు పోయింటి. నువ్వు తిట్టేది తరవాత తిట్టు. ముందు లేచి నీళ్లు కాగబెట్టు. మీ అమ్మను నువ్వు కడగల్ల. ఎట్ల కడగల్లో నేను పక్కనుండి చెప్తా."

మగ్గం ఆగింది. ఆయన నోరు తెరిచాడు. ఏమనబోయాడో నాకు తెలియదు. లోపలినుంచి అత్త, ఆ రోజంతటిలో మొదటిసారి, కొడుకును పేరు పెట్టి పిలిచింది.