పేరు పెట్టిన మంచు

తెల్లారగానే సోములమ్మ చోడి అంబలి తాగి, సాల తలుపు తీసి పొగమంచుల్ని బయటికి తోలుతుంది. ఆ కొండమీద మేకలున్నవాళ్లు మేకల్ని తోలుకుంటారు, మంచులున్నవాళ్లు మంచుల్ని. సోములమ్మకి ఏడున్నాయి. మాఘం వెళ్లి ఎండ ముదిరితే కాఫీ మొగ్గ మాడిపోతుంది కదా! అందుకని పొద్దెక్కేదాకా వాటిని తోటలో తిప్పి, మొగ్గ తడిశాక మళ్లీ సాలలో పెట్టాలి. చెప్పినంత తేలికేం కాదు. కర్ర చూపిస్తే మంచు చెదిరిపోతుంది, అరిస్తే లోయలోకి పారిపోతుంది.

ఆదివారాలు విశాఖపట్నం నుంచి అడవి బడి వ్యాను వస్తుంది. పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ దిగుతారు. ఆకుల్ని గుర్తుపట్టడం, చోడి విసరడం, మంచు తోలడం, అన్నీ నేర్పేది సోములమ్మే. పట్నం పిల్లలేమో ఒకటే గోల. "ఓలమ్మో, నోర్ముయ్యండర్రా!" అని ఈవిడ అరిచేది. ఆ అరుపుకి ఉన్న మంచు కూడా పోయేది.

వెన్నెల ఒక్కతే వేరు. పదేళ్ల గుంట. చెప్పులు గట్టున విడిచి, నోరెత్తకుండా నడిచేది. మంచులు దాని వెనకాలే. అన్నిట్లోకీ చిన్న మంచు ఒకటుంది, ఎవరి మాటా వినని మొండిది. అది కూడా గౌను అంచు పట్టుకున్నట్టు వెంట పోయేది. సోములమ్మకి ఆ పిల్లంటే ప్రాణం. నలభై ఏళ్లలో ఇలాంటి చెయ్యి చూడలేదు.

ఆ ఆదివారం వెన్నెల మొహం వేలాడేసుకుని దిగింది.

"ఏటైనాదే?"

పిల్ల వెనకాల దిగిన వాళ్ల నాన్న అప్పలస్వామి చెప్పాడు. "ఇదే ఆఖరమ్మా. వచ్చే వారం నుంచి ఆదివారాలు కోచింగు. పేరు కూడా రాయించేశాను."

కన్నతండ్రి మాటకి సోములమ్మ ఎదురేం చెబుతుంది? "మంచిదే బాబూ, సదువు ముక్యం" అని మొహం తిప్పుకుంది.

పని మాత్రం బాగా సాగింది. మొగ్గలన్నీ తడిశాయి. ఆరు మంచులు బుద్ధిగా సాలలో దూరాయి. చిన్నది కనబడలేదు. వెతుక్కుంటూ వ్యాను దగ్గరికెళ్తే, అది వెన్నెల ఒళ్లో ముడుచుకుని పడుకునుంది. పక్కన అప్పలస్వామి కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు, అవి మళ్లీ మసకబారుతున్నాయి.

సోములమ్మ ఎంత బుజ్జగించినా మంచు కదల్లేదు.

"గుంటా, దీనికి పేరెట్టీసినావేటే?"

"బుజ్జులు" అంది వెన్నెల.

సోములమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. మంచుకి పేరు పెట్టి పిలిస్తే ఇక పెట్టినవాళ్లని వదలదు. కొండమీద పాలు తాగే పిల్లకైనా తెలుసు ఆ సంగతి. "మొదటి రోజే సెప్పినాను గదే!"

"గుర్తుంది మామ్మా. అందుకే పెట్టాను."

అప్పలస్వామి కంగారుపడ్డాడు. "ఇప్పుడేం చెయ్యాలమ్మా?"

"ఏటి సేత్తావు బాబూ, తీసుకెల్లు. తడిగుడ్డ మీద పడుకోబెట్టు, ఫేనెయ్యకు. ఏడు రోజులకోసారి ఈ కొండమీద మేపకపోతే మాత్రం సచ్చిపోద్ది."

అతను కూతుర్ని చూశాడు. మంచుని చూశాడు. అది మెల్లగా అతని చేతిమీదికి పాకి, వేళ్లు చల్లగా తడిపింది. నిట్టూర్చి ఫోను తీశాడు.

"సార్, మా అమ్మాయి ఆదివారాలు రావడానికి కుదరదండీ... లేదండీ, ఒంట్లో బాగానే ఉంది. ఇంట్లో మంచు ఉంది, దాన్ని మేపుకోవాలి."

"అయ్యో, మరి తప్పదు కదండీ" అన్నాడు అవతల సారు. "శనివారం సాయంత్రం బ్యాచిలో వేస్తాలెండి."

వెన్నెల రెండు చేతులూ చాచి సోములమ్మ మెడ వాటేసుకుంది. మధ్యలో బుజ్జులు నలిగి, ఇద్దరి బట్టలూ తడిసిపోయాయి.

"ఒగ్గే, ఒగ్గు!" అంటూనే ఆవిడ వదల్లేదు. "ఆదోరం బేగి రండి బాబూ, ఎండెక్కకముందే."