పొగమంచులో గైదాల మేళా

మా కొండల్లో గైదా మోగకపోతే అది పెళ్ళీ కాదు, పండగా కాదు. మేకతోలు తిత్తిలోకి గాలి ఊది వాయించే ఆ వాద్యం కోసమే ప్రతి ఆగస్టులో ఊరి పైనున్న పచ్చికబయల్లో మేళా జరుగుతుంది. చాలా ఏళ్ళు దాన్ని కేరా అత్తే నడిపింది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఆ బాధ్యతను సాంస్కృతిక భవనంలో పనిచేసే జ్లాతినాకు అప్పగించింది.

జ్లాతినా ముందుగా బల్ల దగ్గర కూర్చుని పటం గీసింది. వేదిక ఇక్కడ, చిక్కుడుగింజల సూపు అక్కడ, మరుగుదొడ్లు ఆ మూల. కేరా అత్త ఒకసారి చూసి పక్కన పెట్టేసింది.

"జీపు తియ్యి. పైకి పోదాం."

పైకెళ్ళాక కర్ర ఊతంతో కుంటుతూనే బయలంతా తిప్పింది.

"నువ్వొక ముసలిదానివి అనుకో. బస్సు దిగి, ఆయాసపడుతూ బాటెక్కి వచ్చావు. ముందు ఎటు పోతావు?"

"వేదిక దగ్గరికి."

"కాదే పిచ్చిమొహమా, మరుగుదొడ్డికి పోతావు. అదెక్కడ పెట్టావు?"

"ఆ దిబ్బ అవతల."

"ఇంకేం. నిన్ను తిట్టుకుంటూ ఆ ముసలిది వెళ్ళొచ్చేసరికి పాట అయిపోతుంది. గాలి ఎటు వీస్తోందో చూశావా? సూపు పొగంతా పాడేవాళ్ళ గొంతులోకే."

ఆ వేసవంతా జ్లాతినా అలా నడిచే నేర్చుకుంది. ఓసారి ముసలమ్మలా, ఓసారి చంకలో బిడ్డ ఉన్న తల్లిలా, ఇంకోసారి బరువైన గైదా మోసుకొచ్చే వాద్యకారుడిలా. పటాన్ని ఎన్నిసార్లు చెరిపి గీసిందో ఆమెకే తెలియదు.

మేళా రోజు పొద్దున అన్నీ అమరాయి. వాద్యకారులు ముందే పైకి చేరారు. సూపు ఉడుకుతోంది. కేరా అత్త కుర్చీ వేయించుకుని కూర్చుంది. కింద రోడ్డు మీద బస్సులు జనాన్ని దించుతుండగా లోయలోంచి పొగమంచు లేచింది. చూస్తూండగానే వేదిక కనబడకుండా పోయింది. చెమ్మకు మైకులు గరగరలాడి మూగబోయాయి. అంతలో కిందినుంచి ఫోను. అడవిబాట కనబడక జనం నిలబడిపోయారట, కొందరు తిరిగి బస్సెక్కుతున్నారట.

జ్లాతినా కేరా అత్త కుర్చీ దగ్గరికి వచ్చింది. "అత్తా, ఏం చెయ్యమంటావు?"

"నన్నడుగుతావేంటే? నేనీరోజు చూడ్డానికొచ్చాను," అంది కేరా అత్త శాలువా సర్దుకుంటూ.

జ్లాతినా కళ్ళు మూసుకుంది. ఆ క్షణాన బస్సు దిగిన ముసలమ్మ తానే అనుకుంది. కంటికేమీ ఆనడం లేదు. చెవులు మాత్రం బాగానే ఉన్నాయి.

వెంటనే గైదా బృందానికి పెద్ద అయిన స్తామెన్ మామ దగ్గరికి పరుగెత్తింది.

"మామా, మీవాళ్ళు బాట పొడవునా మలుపుకొకరు నిలబడి వాయించాలి. జనం ఆ మోత పట్టుకుని పైకొస్తారు. అందరూ దాటిపోయాక మీరూ వాళ్ళ వెనకే వచ్చెయ్యండి."

"వేదిక మీద వాయించేవాణ్ణి, గొర్రెల కాపరిలా పొదల్లో నిలబడమంటావా?"

"పుట్టినప్పట్నుంచీ నువ్వు కాసింది గొర్రెల్నేగా మామా."

చుట్టూ ఉన్న వాద్యకారులు పగలబడి నవ్వారు. స్తామెన్ మీసాల చాటున నవ్వు దాచుకుని తిత్తి చంకన పెట్టాడు. "సరే. అట్టడుగు మలుపు నాది. నా అంత గట్టిగా ఊదేవాడు మీలో ఎవడూ లేడు."

కాసేపటికి అడవిలోంచి గైదా మూలిగింది. దానికి పైనుంచి మరొకటి అందుకుంది, ఆపైన ఇంకొకటి. తెల్లటి మంచులోంచి మొదట ఒక ముసలమ్మ బయటపడింది, మనవరాలి భుజం పట్టుకుని. వెనక ఒక కుటుంబం, ఆ వెనక బస్సులకు బస్సుల జనం. బస్సెక్కినవాళ్ళు కూడా ఆ మోతకు మళ్ళీ దిగి వచ్చేశారు.

చివరగా వాద్యకారులు వచ్చారు. మలుపు మలుపునా ఒక్కొక్కరే కలుస్తూ, మోత పెరుగుతూ పెరుగుతూ పచ్చికబయలు అంచుకు చేరేసరికి కాళ్ళ కింద నేల అదిరింది. వాళ్ళు వేదిక ఎక్కలేదు. జ్లాతినా చెయ్యెత్తి బయలు నడిమికి నడిపించింది. జనం చుట్టూ మూగారు. పక్కనున్న మనిషి తప్ప ఎవరికీ ఏదీ కనబడదు, కానీ ప్రతి స్వరమూ వినబడింది. ఆడవాళ్ళు గొంతెత్తి పాట అందుకున్నారు.

కేరా అత్త కుర్చీలోంచి లేచింది. "ఇన్నేళ్ళూ వెనకవాళ్ళు వినబడలేదని గోల పెట్టేవాళ్ళు. వాయించేవాళ్ళని జనం నడిమికి తేవాలని నాకెప్పుడూ తట్టలేదే," అంది.

జ్లాతినా జవాబు చెప్పబోయింది. అంతలో మంచులోంచి రెండు చేతులు వచ్చి, జనం చేతులు కలిపి ఆడుతున్న గొలుసు నాట్యంలోకి ఆమెను లాగేశాయి. అవి ఎవరివో చూడలేదు. తడి గడ్డి మీద అడుగు కలిపి, అందరితోపాటు గట్టిగా పాడింది.